వాము లేని సకినాలు

మూసాపేట మెట్రో స్టేషన్ ఎదురుగా, పెయింట్ల దుకాణం పైఅంతస్తులో పట్టాభిరామయ్య ఆఫీసు. బుధవారం పదిన్నరకు అక్కడికి వచ్చిన జ్యోతి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. దాన్ని రెండుసార్లు ముందుకు చాచి, రెండుసార్లు వెనక్కి తీసుకుంది.

"దొంగతనం నా మీద పెట్టిండ్రు సార్," అంది చివరికి. "శనివారం దాకా టైమిచ్చిండ్రు. ఒప్పుకోకుంటే పోలీస్ స్టేషన్‌ల కాయిదం ఇస్తరట."

పట్టాభిరామయ్య తుపాకీ పట్టే రకం డిటెక్టివ్ కాదు. ఇరవై నాలుగేళ్లు ఒక బ్యాంకులో జనం ఫిర్యాదులు విని విని, ముందుగానే రిటైరై ఈ పనిలోకి వచ్చాడు. ఎవరేం చెప్పినా ముందు రసీదు చూపించమనడం ఆయనకు అప్పటి అలవాటు. అసిస్టెంట్ స్వామి పన్నెండేళ్లు హైటెక్ సిటీలో ఒక టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసినవాడు. తన సారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందని నమ్మే మనిషి. ఇప్పుడు కూడా నోట్‌బుక్ తెరిచి సిద్ధంగా కూర్చున్నాడు.

జ్యోతి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. చందానగర్ మార్కెట్ వెనక వీధిలో కమలమ్మ అనే ఆవిడ పిండివంటల దుకాణంలో ఆమెకు పని. ఆర్డర్లు, డబ్బు అన్నీ ఫోనులోనే వస్తాయి. మధ్యాహ్నం ప్యాకెట్లు సంచిలో వేసుకుని చందానగర్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి, హైటెక్ సిటీలో దిగి, ఆఫీసుల రిసెప్షన్లలో ఇచ్చి వస్తుంది. దుకాణం పేమెంట్ ఖాతాను కమలమ్మ కొడుకు రవీందర్ చూసుకుంటాడు. పోయిన ఆదివారం అతను ఆ ఖాతా తిరగేస్తే, పదకొండు వారాలుగా ప్రతి గురువారం నాలుగు వందల ఎనభై రూపాయల రీఫండ్ వెళ్తున్నట్టు బయటపడింది. పదకొండూ హర్షిణి అనే ఒకే కస్టమర్‌కు. సరుకు మాత్రం ప్రతిసారీ ఆమెకు చేరింది. రీఫండ్ చేసిన లాగిన్ జ్యోతిది.

"ఆమెతోని కలిసి చేసినవని అంటుండు రవన్న. ఆమె మొఖం గూడ నేను చూడలే సార్."

ఆమె భయం అయిదు వేల రూపాయల గురించి కాదు. భర్త ఎల్లయ్య కొండాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ గార్డు. ఏటా పోలీసుల వెరిఫికేషన్ ఉంటుంది. ఇంట్లో మనిషి మీద కేసు ఉందంటే ఏజెన్సీ వాళ్లు ఒక్క రోజు ఆగరు. వాళ్లు ఉంటున్న గది కూడా ఆ ఉద్యోగంతో వచ్చిందే. ఆ మాట చెప్పాక గానీ జ్యోతి కుర్చీలో కూర్చోలేదు.

పట్టాభిరామయ్య కాగితం విప్పాడు. రవీందర్ ఆమె ముందు పడేసిన రీఫండ్ల చిట్టా అది.

"ఇందులో ఇంకో నాలుగు రీఫండ్లు ఉన్నాయి. అవి మీరు చేసినవేనా అమ్మా?"

జ్యోతి ఒప్పుకుంది. ఒకసారి గరిజెలు పగిలిపోతే సగం డబ్బు తిరిగిచ్చింది. ఒకసారి ఎవరో పొరపాటున రెండుసార్లు కడితే వెంటనే వెనక్కి పంపింది. నాలుగింటికీ కారణం తనే టైపు చేసింది, అన్నీ రవీందర్‌కు చెప్పే చేసింది.

"చూశావా స్వామీ," అన్నాడు పట్టాభిరామయ్య. "రీఫండ్ నొక్కితే ఈ ఖాతా మూడు సంగతులు అడుగుతుంది. ఎంత ఇవ్వాలి, ఎంత తొందరగా ఇవ్వాలి, ఎందుకివ్వాలి. ఈమె నాలుగుసార్లూ మూడింటికీ ఆలోచించి జవాబు చెప్పింది. ఆ పదకొండింటికీ మాత్రం పూర్తి మొత్తం, మామూలు పద్ధతి, పైన కనిపించే మొదటి కారణం. ఒక్కసారి కూడా మార్పు లేదు. దొంగ అయినవాడు నిమిషాల్లో డబ్బు చేరే పద్ధతి ఉండగా, అయిదు నుంచి ఏడు రోజులు పట్టేది ఎందుకు ఎంచుకుంటాడు?"

స్వామి 'ఏడు రోజులు' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

రీఫండ్లన్నీ మధ్యాహ్నం రెండు నలభై ప్రాంతంలో జరిగాయి. ఆ వేళకు తాను రైల్లో ఉంటానని, దుకాణం ఫోను దుకాణంలోనే గూట్లో ఉంటుందని జ్యోతి చెప్పింది. లాగిన్ ఎక్కడినుంచైనా తెరవచ్చు కదా అని రవీందర్ వాదన. ఆ ఆర్డర్ల వివరాల్లో మరో సంగతి కూడా ఉంది. పదకొండూ అరకిలో సకినాలే, పదకొండింటి కిందా ఒకటే కోరిక. వాము వద్దు.

"వాము లేని సకినాలా?" అన్నాడు స్వామి. "అట్ల ఎవరు తింటరు సార్?"

"ఆమె ఒక్కతే చెప్తది అట్ల," అంది జ్యోతి. "అవి మా కమలమ్మ పెద్దమ్మనే చేస్తది. పొద్దుగాల్నే వేరే పళ్లెంల. నన్ను ముట్టనియ్యది."

కమలమ్మ ఏమందని పట్టాభిరామయ్య అడిగాడు. రవీందర్ తనను వాకిట్లోనే ఆపి పంపేశాడని, పెద్దమ్మను చూడనివ్వలేదని జ్యోతి చెప్పింది. కమలమ్మకు చదువు రాదట. ఫోనులో వచ్చే బొమ్మలు చూస్తుంది, నొక్కమన్నచోట నొక్కుతుంది, అంతే.

గురువారం రెండు దాటాక పట్టాభిరామయ్య, స్వామి కొనేవాళ్లలాగా చందానగర్ వెళ్లారు. దుకాణం అంటే ఇంటి ముందుగది. పైన బోర్డు మీద 'కమలమ్మ' అని ఉంది, చివర 'పిండివంటలు' అని ఉంది, మధ్యలో మూడు నాలుగు అక్షరాలు పట్టే చోట తెల్లరంగు పూసి ఉంది. లోపల నేలమీద తడి బట్ట పరిచి, కమలమ్మ సకినాలు చుడుతోంది. యాభై ఆరేళ్ల మనిషి. బియ్యప్పిండి ఆమె వేళ్ల మధ్యనుంచి సన్నని మెలికగా దిగి, చుట్టు మీద చుట్టు తిరుగుతోంది. బట్ట ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేంత పెద్దది. ఆమె మాత్రం తన వైపు సగంలోనే చుడుతోంది. అటువైపు సగం ఖాళీగా, ముడత లేకుండా పరిచి ఉంది.

జ్యోతికి జ్వరమని కొడుకు చెప్పాడట. ఆ పిల్ల ఎట్లుందో ఏమోనని కమలమ్మ దిగులు పడింది. "అది లేకుంటే ఫోన్ గూడ నా మాట వింటలేదు," అని కొంగుతో ఫోను తుడిచి, గూట్లో పెట్టి, మళ్లీ తీసి చూసుకుంది. గోడ గడియారంలో రెండు నలభై రెండు.

పట్టాభిరామయ్య అరకిలో సకినాలు కావాలన్నాడు. వాము లేకుండా.

కమలమ్మ చెయ్యి ఆగిపోయింది. చుడుతున్న చుట్టు మధ్యలో తెగింది. "ఎవరు చెప్పిండ్రు మీకు?"

"ఎవరూ చెప్పలేదండి. నాకు వాము పడదు."

ఆమె కాసేపు ఆయన ముఖం చూసి, తెగిన చుట్టును మళ్లీ ముద్దలో కలిపేసింది. "అట్లాంటోళ్లు ఒక్కరే ఉన్నరనుకున్న," అంది. ఆ గొంతులో ఉన్నది కోపం కాదని స్వామికి కూడా తెలిసింది.

శుక్రవారం స్వామికి పండుగే. హర్షిణి ప్యాకెట్లు జ్యోతి ఇచ్చి వచ్చే రిసెప్షన్ అతను పనిచేసిన టవర్లోదే. తన పాత టవర్లోనే, తన పాత గేటు దగ్గరే, తన తర్వాత వచ్చిన గార్డును పట్టుకుని అరగంటలో పెద్ద సమాచారం లాగాడు. హర్షిణి నాలుగో అంతస్తులో పనిచేస్తుంది, రవీందర్ ఏడో అంతస్తులో. ఇద్దరిదీ ఒకే లిఫ్టు. తల్లి డబ్బు కొట్టేసి, నింద పనిమనిషి మీద వేశాడని స్వామి తేల్చేశాడు. పట్టాభిరామయ్య మెచ్చుకుని, ఇద్దరినీ విడివిడిగా కింది క్యాంటీన్‌కు పిలిపించాడు.

రవీందర్ చిరాకుగానే వచ్చినా, ఖాతా మాత్రం తెరిచి చూపించాడు. లాగిన్లు ఏయే ఫోన్లలో తెరిచారో చూపించే పేజీ అందులో ఉంది. జ్యోతి లాగిన్ ఇన్ని నెలల్లో ఒకే ఫోనులో తెరిచి ఉంది. అది దుకాణం ఫోను. సోమవారం తానే ఆ పాస్‌వర్డ్ మార్చేశానని రవీందర్ చెప్పాడు. ఫోను గూట్లో ఉండి, జ్యోతి రైల్లో ఉంటే, నొక్కినవాళ్లెవరు అని పట్టాభిరామయ్య అడిగాడు. ఆ వేళ తాను ఈ టవర్లోనే ఉన్నానని, కావాలంటే గేటు రిజిస్టర్ చూసుకోమని రవీందర్ అన్నాడు. రిజిస్టర్ చూస్తే పదకొండు గురువారాలూ మధ్యాహ్నమంతా అతను లోపలే ఉన్నాడు. స్వామి ముఖం కొంచెం వాడిపోయింది.

"బోర్డు మీద తెల్లరంగు ఎందుకండీ?" అన్నాడు పట్టాభిరామయ్య.

"అది పాత సంగతి సార్," అని రవీందర్ లేచి వెళ్లిపోయాడు.

హర్షిణి రాజమండ్రి అమ్మాయి, ఖాజాగూడలో ఒక హాస్టల్లో ఉంటోంది. సకినాలు తనకు కాదంది. ఆ గట్టి చుట్లు కొరకడం తన వల్ల కాదట. "మా హాస్టల్లో వంట చేసే నీలమ్మ ఆంటీ కోసమండి. ఆవిడకి ఈ యాప్‌లు తెలీవు. బుధవారం సాయంత్రం డబ్బులు నా చేతికి ఇస్తారు, నేను నా క్రెడిట్ కార్డుతో ఆర్డర్ పెడతాను." పట్టాభిరామయ్య కార్డు బిల్లు చూడమన్నాడు. మొత్తం ఎంతో చూసి కట్టేయడమే గానీ లోపలి పేజీలు ఆ అమ్మాయి ఎప్పుడూ తెరవలేదు. ఇప్పుడు తెరిచి, వేలితో కిందికి జరుపుతూ జరుపుతూ పాలిపోయింది. పదకొండు రీఫండ్లూ అక్కడ ఉన్నాయి. నెలనెలా బిల్లులో ఆ మేరకు తగ్గిపోయాయి. "నిజంగా చూడలేదండి," అని ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

శనివారం పొద్దున పది గంటలకు దుకాణం ముందుగదిలో అందరూ చేరారు. రవీందర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జ్యోతి, ఎల్లయ్య గడప పక్కన కూర్చున్నారు. ఎల్లయ్య డ్యూటీ దుస్తుల్లోనే వచ్చాడు. హర్షిణి ఒక మూల ఒదిగి ఉంది. ఇంతమంది ఎందుకొచ్చారో తెలియని కమలమ్మ అందరికీ టీ పోసి, జ్యోతిని చూసి జ్వరం తగ్గిందా అని అడిగింది. జ్యోతి రవీందర్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"జ్వరం కాదమ్మా, దొంగతనం," అని పట్టాభిరామయ్య జరిగింది చెప్పాడు. కమలమ్మ టీ గిన్నె కింద పెట్టేసింది. ఏదో అనబోతే ఆయన ఆగమని చెయ్యెత్తాడు.

"ఈ రీఫండ్లు చేసిన మనిషికి మూడు గుర్తులున్నాయి. జ్యోతి రైల్లో ఉన్న వేళకు ఈ గదిలో, ఈ ఫోను దగ్గర ఉన్నవారు. రీఫండ్ ఎలా చెయ్యాలో ఒక్కసారి చూసి, ఆ నొక్కినచోట్లే మళ్లీ మళ్లీ నొక్కినవారు. చదివేవాళ్లయితే ఏదో ఒకసారి ఏదో ఒకటి మార్చేవారు. ఇక మూడోది. జ్యోతి పాస్‌వర్డ్ మారిన వారం, గురువారం రెండు నలభైకి ఫోను మాట వినడం లేదని బాధపడినవారు. జ్యోతీ, గరిజెలు పగిలిన రోజు రీఫండ్ ఎవరి ముందు చేశావమ్మా?"

"పెద్దమ్మ పక్కనే ఉండె," అంది జ్యోతి చిన్నగా. "పైసలు ఎట్ల వాపస్ పోతయని అడిగితే చూపించిన. ఈడ, మళ్ల ఈడ నొక్కుడే అని. వాము వద్దన్న ఆర్డర్ ఏదో గూడ నన్నడిగే చూసుకుంటది."

"నేనే చేసిన," అంది కమలమ్మ. "నా బిడ్డ లెక్కటి పిల్ల మీద పెట్టినవా రవీ? నన్నొక్క మాట అడగకపోతివి."

ఎందుకు చేశావమ్మా అని రవీందర్ అడగలేకపోయాడు. ఆ ప్రశ్నకు జవాబు బోర్డు మీద ఉందని పట్టాభిరామయ్య అన్నాడు. ఆ తెల్లరంగు కింద ఉన్న పేరేమిటో చెప్పమన్నాడు.

"నీలమ్మ," అన్నాడు రవీందర్. పన్నెండేళ్లు ఆ దుకాణం 'కమలమ్మ నీలమ్మ పిండివంటలు'. ఇద్దరూ ఈ బట్టకు చెరోవైపు కూర్చుని చుట్టేవారు. మూడేళ్ల కింద పేమెంట్ ఖాతా తెరిచేటప్పుడు అంతా మారింది. "ఫారంల ఒక్క పేరుకే చోటుంది సార్. ఒక్క పాన్ కార్డు, ఒక్క బ్యాంకు ఖాతా. అమ్మ పేరు పెట్టిన. బోర్డు గూడ దానికి సరిపోవాలని రంగేసిన. చెప్పి చెయ్యాలని తట్టలే." మర్నాడు పొద్దున వచ్చిన నీలమ్మ బోర్డు చూసింది. లోపలికి వచ్చి తన జల్లెడ తీసుకుని వెళ్లిపోయింది. కమలమ్మకు పౌరుషం. చేసింది కొడుకైనా, ఒక్క మాట అనకుండా పోయిన మనిషితో తాను ముందు మాట కలపనని కూర్చుంది. నీలమ్మదీ అదే పట్టు.

"పదకొండు వారాల కింద వాము వద్దన్న ఆర్డర్ వచ్చింది," అన్నాడు పట్టాభిరామయ్య. "సకినాల్లో వాము వద్దనే మనిషి ఈమెకు లోకంలో ఒక్కరే తెలుసు. ఆర్డర్ పెట్టడం మాట కలపడం కాదు కదా, ఆవిడ పట్టు నిలిచింది. వీళ్లిద్దరి మధ్య ఏనాడూ పైసల మాట లేదు కాబట్టి ఈవిడ ఆ డబ్బు వెనక్కి పంపింది. అదీ మాట కలపడం కాదు, ఈవిడ పట్టూ నిలిచింది. ఒక్కచోటే పొరపాటు జరిగింది. రీఫండ్ మనిషిని వెతుక్కుంటూ పోదు. డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే పోతుంది. కట్టింది ఈ అమ్మాయి కార్డు, అందుకని పదకొండుసార్లూ ఈ అమ్మాయి కార్డుకే పోయింది."

కమలమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే దానికి అందలేదా?"

"ఒక్క పైసా అందలే," అన్న మాట గడప బయటినుంచి వచ్చింది.

మెట్ల మీద స్వామి పక్కన నీలమ్మ నిలబడి ఉంది. ఒక పిల్ల పని పోతుంది, మీ సాక్ష్యం కావాలని స్వామి అంటే ఆటో ఎక్కింది. ఇంటి ముందు దిగి కూడా లోపలికి రాలేదు. బోర్డు వైపు చూడకుండా, కమలమ్మ వైపే చూస్తోంది.

"వారం వారం పైసలిచ్చిన," అంది నీలమ్మ. "వాము వద్దని జెప్పిన. నేనని నీకు తెలుస్తదని తెలుసు. తెలిసి గూడ తీసుకుంటున్నవనుకున్న. నన్ను బయటి మనిషిని చేసినవని, ప్యాకెట్ ముంగట పెట్టుకుని ఏడ్చిన కమలా. మళ్లా బుధవారమొస్తే ఈసారన్న వాపస్ పంపుతవేమోనని మళ్లా ఇచ్చిన."

"వారం వారం వాపస్ పంపిన," అంది కమలమ్మ. "పంపినంక ఫోన్ వంకనే చూస్తుంటి. పలకకపోతివి. పైసలు గూడ నోరు మూసుకుని తీసుకుంటుంది గాని నా మొఖం వద్దనుకుందని అనుకున్న."

ఎల్లయ్య టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒకరికొకరు కావాలని ఇంతగా ఉండి, మూడేళ్లు ఆ ఇద్దరూ ఇంత దూరంగా ఎలా ఉండగలిగారో స్వామికి అంతుపట్టలేదు. కళ్లు తుడుచుకోవడానికి అతను నోట్‌బుక్ అడ్డం పెట్టుకున్నాడు.

రవీందర్ ముందు జ్యోతికి, తర్వాత ఎల్లయ్యకు చేతులు జోడించాడు. పోలీసులకు ఇద్దామని రాసిన కాగితం జేబులోంచి తీసి ఎల్లయ్య చేతిలోనే పెట్టాడు. ఎల్లయ్య దాన్ని చదవకుండా చింపాడు. హర్షిణి అయిదు వేల రెండు వందల ఎనభై రూపాయలు కవరులో పెట్టి తెచ్చింది. కమలమ్మ అది నీలమ్మదంది. నీలమ్మ, సకినాలు తిన్నాను కాబట్టి అది కమలమ్మదంది. కవరు ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరిగి, చివరికి ఖాళీగా ఉన్న ఆ సగం బట్ట మీద ఆగింది.

పట్టాభిరామయ్య లేచాడు. ఫీజు సంగతి జ్యోతి ఎత్తితే, వాముతో చేసిన అరకిలో చాలన్నాడు. నిజానికి ఆయనకు వాము బాగానే పడుతుంది.

తిరుగు రైల్లో స్వామి ఉండబట్టలేక అడిగాడు. "మీకెప్పుడు తెలిసింది సార్?"

"బట్ట చూసినప్పుడు," అన్నాడు పట్టాభిరామయ్య. "ఒక్కరే పని చేసుకునేవాళ్లు బట్టను మడిచి సగమే పరుచుకుంటారు. మూడేళ్లుగా ఆవిడ మొత్తం పరుస్తోంది."

తర్వాతి గురువారం మధ్యాహ్నం జ్యోతి ఫోను చేసింది. వాము వద్దన్న ఆర్డర్ ఆ వారం రాలేదని చెప్పింది. పెద్దమ్మ మాత్రం పొద్దున్నే వేరే పళ్లెంలో వాము లేని పిండి కలిపి పెట్టుకుందట. పదకొండు గంటలకు నీలమ్మ వచ్చి, హాస్టల్లో రాత్రి వంటకు నాలుగింటికల్లా పోవాలని గడపలోనే చెప్పి, సంచిలోంచి జల్లెడ తీసి తన వైపు పెట్టుకుని కూర్చుందట. పోయేటప్పుడు జల్లెడ మాత్రం తీసుకుపోలేదట.